నెల్లూరు, ఒంగోలు నుంచి టెక్నాలజీ వ్యాపారం: నాలుగు దారుల్లో మీకు నప్పేది ఏది?

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు ఉండి టెక్నాలజీ వ్యాపారం పెట్టాలనుకునేవాళ్లు ఎక్కువగా ఐడియా గురించే ఆలోచిస్తారు. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. మీకు డబ్బు ఎవరిస్తారు? పని మొదలుపెట్టిన ఎన్ని నెలలకు ఆ డబ్బు చేతికొస్తుంది? ఒకే ఐడియా ఉన్న ఇద్దరిలో ఒకరు నిలబడి మరొకరు ఏడాదికే మూసేయడానికి మేము ఎక్కువగా చూసే కారణం ఇదే.

దారులు నాలుగు. కొన్నేళ్లు ఉద్యోగం చేసి తర్వాత దిగడం ఒకటి. ఇతరులకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే సర్వీస్ పని రెండోది. మన ప్రాంతంలోని వ్యాపారాలకు పనికొచ్చే సొంత ప్రొడక్ట్ మూడోది. ఇంక్యుబేటర్ (కొత్త కంపెనీలకు చోటు, సలహా, సాయం ఇచ్చే సంస్థ), ఇన్వెస్టర్ల డబ్బుతో వేగంగా పెరగడం నాలుగోది. చాలామంది వీటిలో రెండింటిని కలిపి నడుస్తారు. అప్పుడు ఏది ముందు, ఏది వెనుక అన్నదే అసలు నిర్ణయం.

ముందు ఒక లెక్క

కాగితం తీసుకుని నెల ఖర్చు రాయండి. ఉదాహరణకు ఇద్దరు కలిసి మొదలుపెడుతున్నారనుకుందాం. ఒక్కొక్కరి ఇంటి ఖర్చు 20,000, సర్వర్లు, నెట్, ప్రయాణాలు కలిపి 15,000. మొత్తం నెలకు 55,000. చేతిలో 5 లక్షలుంటే తొమ్మిది నెలలు నడుస్తుంది. ఇంట్లో నగలు, పొలం తాకట్టు పెడితే వచ్చే డబ్బును ఈ లెక్కలో వేయకండి. అది వేసుకున్నవాళ్లు ఆగాల్సిన చోట ఆగరు.

ఇప్పుడు దీన్ని డబ్బు వచ్చే గడువుతో పోల్చండి. ఉద్యోగంలో నెల తిరిగేసరికి జీతం. సర్వీస్ పనిలో మొదటి బిల్లు వసూలవడానికి రెండు మూడు నెలలు. రొయ్యల రైతుకు అమ్మే పరికరమైతే తయారీ, ఒక పంట ట్రయల్, మరో పంట అమ్మకం కలిపి ఏడాది. ఇన్వెస్టరుతో మొదటి మాట నుంచి ఖాతాలో డబ్బు పడేదాకా ఆరు నుంచి తొమ్మిది నెలలు పెట్టుకోండి. ఆ గడువుకు ఒకటిన్నర రెట్లు చేతిలో లేకపోతే ఆ దారి ఇప్పుడే వద్దు. పైన చెప్పిన తొమ్మిది నెలల డబ్బుతో నేరుగా రొయ్యల పరికరంలోకి దిగితే సరిగ్గా అమ్మకాల సీజన్ ముందు ఖాళీ అవుతుంది.

ఉద్యోగం ముందు

ఏ ఉద్యోగమైనా సరిపోదు. పెద్ద సర్వీస్ కంపెనీలో ఒకే మాడ్యూల్‌కు టెస్టింగ్ చేస్తూ మూడేళ్లు గడిపితే వ్యాపారానికి పనికొచ్చేది తక్కువ. సొంత ప్రొడక్ట్ అమ్మే కంపెనీ వెతకండి, చిన్నదైనా ఫరవాలేదు. రాత్రి సర్వర్ పడిపోతే లేపే డ్యూటీ, కస్టమర్ ఫోన్లు ఎత్తే సపోర్ట్ పని, ధర ఎలా పెట్టారో తెలిసే చోటు కావాలి. మనకు దగ్గరలో చెన్నై ఉంది, రేణిగుంటలో జోహో కార్యాలయం ఉంది. జోహో 1996లో మరో పేరుతో మొదలై బయటి పెట్టుబడి లేకుండా పెరిగింది. అక్కడ పనిచేసిన గిరీష్ మాతృభూతం 2010లో ఫ్రెష్‌డెస్క్ మొదలుపెడితే, అది ఫ్రెష్‌వర్క్స్‌గా 2021లో అమెరికా నాస్‌డాక్‌లో లిస్టయింది. ఆయన ఉద్యోగంలో చూసిన కస్టమర్ సపోర్ట్ రంగంలోనే కంపెనీ పెట్టారన్నది ఇక్కడ గమనించాల్సిన సంగతి.

ఉద్యోగంలో ఉండగానే సొంత కోడ్ రాసేవాళ్లు అపాయింట్‌మెంట్ ఆర్డర్ మళ్లీ చదవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగ విధుల్లో భాగంగా రాసినది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. కొన్ని ఆర్డర్లు ఇంకా ముందుకెళ్లి, ఉద్యోగకాలంలో చేసినదంతా తమదే అని రాయించుకుంటాయి. కంపెనీ ల్యాప్‌టాప్, కంపెనీ ఈమెయిల్, కంపెనీ గిట్‌హబ్ ఖాతా వాడితే మీ వాదన ఇంకా బలహీనపడుతుంది. మానేశాక పోటీ వ్యాపారం పెట్టకూడదన్న షరతు మాత్రం 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. అయితే రహస్య సమాచారం, కస్టమర్ల జాబితా తీసుకెళ్లకూడదన్న షరతు చెల్లుతుంది.

సర్వీస్ పని

చేతిలో డబ్బు తక్కువ, నేర్పు ఉంది అంటే మేము మొదట చెప్పేది ఇదే. హాస్పిటల్, స్కూలు, జువెలరీ షాపు, రియల్ ఎస్టేట్ ఆఫీసు, విదేశీ క్లయింట్, ఎవరికైనా చేసిపెట్టవచ్చు. చెడేది కోడింగ్ దగ్గర కాదు, వసూలు దగ్గర.

నోటిమాట మీద పని మొదలుపెట్టకండి. ఎన్ని స్క్రీన్లు, ఎన్ని రిపోర్టులు, ఎన్నిసార్లు మార్పులు అన్నది ఒక పేజీలో రాసి సంతకం తీసుకోండి. 40 శాతం అడ్వాన్స్, 40 శాతం ట్రయల్ వెర్షన్ చూపించినప్పుడు, మిగతా 20 శాతం లైవ్‌కు ముందు తీసుకోవాలి. లైవ్ అయ్యాక ఇస్తానన్న 20 శాతం చాలాసార్లు "ఇంకొక్క చిన్న మార్పు" కింద ఆగిపోతుంది. సోర్స్ కోడ్, డొమైన్ పాస్‌వర్డ్ చివరి విడత పడ్డాకే అప్పగించండి.

చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఆన్‌లైన్‌లో అయిపోతుంది. దాని అసలు ఉపయోగం లోన్ కాదు, వసూలు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థకు కొనుగోలుదారు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయండి. క్లయింటు ఆడిటరుకు అది కనిపిస్తే చాలు, చెల్లింపు ముందుకు జరుగుతుంది. గడువు దాటి, ఏడాది చివరికీ చెల్లించని బిల్లు ఖర్చును ఆ ఏడాది పన్ను లెక్కలో చూపుకోవడం కుదరదని ఆయనకు తెలుసు.

జీఎస్టీ సర్వీసులకు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితే తప్పనిసరి. విదేశీ క్లయింటుకు బిల్లు వేసేవాళ్లు, రిజిస్ట్రేషన్ ఉంటే, ఏటా ఏప్రిల్‌లో ఎల్‌యూటీ (జీఎస్టీ శాఖకు ఇచ్చే హామీ పత్రం) వేయాలి. వేస్తే పన్ను కట్టకుండానే ఎగుమతి చేయవచ్చు. వేయడం మరిచిపోతే 18 శాతం కట్టి, తర్వాత రీఫండ్ కోసం ఎదురుచూడాలి. చేతిలో తిరగాల్సిన డబ్బు ఇలా ఇరుక్కుంటుంది.

ఇంకో పొరపాటు ఒంగోలు, నెల్లూరు చిన్న ఆఫీసుల్లో తరచూ కనిపిస్తుంది. ట్రిపుల్ ఐటీ, ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులతో ఫ్రీలాన్స్‌గా కోడ్ రాయించుకుంటారు, డబ్బు ఫోన్‌పేలో పంపేస్తారు, కాగితం ఉండదు. ఉద్యోగి కాని వ్యక్తి రాసిన కోడ్ మీద హక్కు, రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే, రాసినవారిదే. బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. అందుకే "పూర్తి కాపీరైట్ కాలానికి, ప్రపంచమంతటికీ" అన్న మాటలు ఉండాలి. అదే కోడ్‌తో రేపు ప్రొడక్ట్ చేసి ఇన్వెస్టరు దగ్గరకు వెళ్తే ఆయన లాయరు మొదట అడిగేది ఈ పత్రమే.

సర్వీస్ పని ప్రొడక్ట్‌ను మింగేస్తుంది. పగలంతా క్లయింట్ పని, రాత్రి ప్రొడక్ట్ అనుకుంటే మూడో నెలకల్లా ప్రొడక్ట్ ఆగిపోతుంది. వారంలో రెండు రోజులు ముందే కేటాయించి, ఆ రెండు రోజుల ఖర్చును క్లయింట్ రేటులోనే కలపాలి. అలా కలిపితే రేటు ఎక్కువైపోతుందనిపిస్తే, మీ రేటు ఇప్పటికే తక్కువగా ఉందని అర్థం.

ఇక్కడి వ్యాపారాలకు సొంత ప్రొడక్ట్

ఈ దారి గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్‌లో కూర్చున్నవాడికి లేని అవకాశం మనకిక్కడ ఉంది. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు, అల్లూరు, సింగరాయకొండ, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటలు, చీమకుర్తి గ్రానైట్, గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్లు, ఒంగోలు, టంగుటూరు, కొండపి పొగాకు వేలం కేంద్రాలు. ఇవన్నీ ఒకేలా డబ్బివ్వవు.

రొయ్యలతో మొదలుపెడదాం. మన దేశంలో వనామి రకం రొయ్య సాగుకు 2009లో అనుమతి వచ్చింది. ఆ తర్వాత చాలామంది ఇంజినీర్ల మొదటి ఆలోచన నీటిలో ఆక్సిజన్ కొలిచే సెన్సర్. విజయవాడలో 2012లో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ గుంటల సెన్సర్లు, మేత యంత్రాలు చేసింది, తర్వాత అంతర్జాతీయ మేత సంస్థ న్యూట్రెకో అందులో పెట్టుబడి పెట్టింది. కాబట్టి అవసరం నిజమైనదే. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున అది అట్టడుగుకు పడుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాముల కిందకు జారితే రొయ్య ఒత్తిడికి లోనవుతుంది, మేత మానేస్తుంది.

కానీ మొదటి ప్రొడక్ట్‌గా ఆక్సిజన్ సెన్సర్ మేము సిఫారసు చేయం. నీటిలో ఉంచిన సెన్సర్ మీద కొన్ని రోజుల్లోనే పాకుడు పడుతుంది. ఆ పాకుడే ఆక్సిజన్ తినేస్తుంది కాబట్టి రీడింగ్ అసలుకంటే తక్కువ చూపిస్తుంది. తప్పుడు అలారం మోగుతుంది, రైతు మోటర్లన్నీ వేస్తాడు, కరెంటు బిల్లు పెరుగుతుంది, రెండోసారి అలారం వస్తే నమ్మడు. దీన్ని నివారించాలంటే తుడిచే వైపర్, వారంవారం శుభ్రం చేసే మనిషి, ఉప్పుశాతానికి, ఉష్ణోగ్రతకు సరిచేసే లెక్క, ఏటా మార్చే సెన్సర్ క్యాప్ కావాలి. ఇది పరికరం అమ్మడం కాదు, గుంట గుంటకూ మనిషిని పంపే సర్వీస్ వ్యాపారం.

దానికంటే తేలికైనది, రైతు వెంటనే డబ్బిచ్చేది మోటర్ అలారం. గుంట నీటిలో గాలి కలిపే ఏరేటర్ మోటర్లకు వెళ్లే ఒక్కో ఫేజ్ తీగ చుట్టూ కరెంటు కొలిచే క్లాంప్ తగిలించి, కరెంటు పోయినా, ఒక ఫేజ్ పోయినా, ఒక మోటర్ ఆగినా ఫోన్ చేయాలి. నీళ్లలో ఏమీ ముంచక్కర్లేదు. సగం రాత్రి ఫేజ్ పోయి మోటర్ కాలిపోవడం, దాంతో గుంట దెబ్బతినడం రైతులందరికీ తెలిసిన నష్టం, కాబట్టి వివరించే పని కూడా తక్కువ.

ఇందులో పాడయ్యే చోట్లు ఇవి. స్టార్టర్ ప్యానెల్‌లో కాంటాక్టర్ (మోటర్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్) పడ్డ ప్రతిసారీ వచ్చే విద్యుత్ కుదుపుకు బోర్డు రీసెట్ అవుతుంది. పరికరానికి వేరే పవర్ సప్లై, సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి, బాక్సును కాంటాక్టర్‌కు వీలైనంత దూరంగా బిగించాలి. సిమ్ మాడ్యూల్ సిగ్నల్ పంపే క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, 2జీ మాడ్యూల్ అయితే 2 ఆంపియర్ల దాకా. దగ్గర్లో పెద్ద కెపాసిటర్ లేకపోతే ఆగిపోతుంది. కొత్త డిజైన్‌కు 2జీ వద్దు, 4జీ మాడ్యూల్ తీసుకోండి. కరెంటు పోయినప్పుడే ఫోన్ చేయాల్సిన పరికరం కాబట్టి సొంత బ్యాటరీ కనీసం నాలుగు గంటలు నిలవాలి. ఉప్పుగాలికి బోర్డు మీద రక్షణ పూత, నీళ్లు, దుమ్ము చొరబడని ఐపీ67 బాక్సు, కింది వైపు నుంచి కేబుల్ గ్లాండ్లు. పై నుంచి కేబుల్ తెస్తే మొదటి వానకే నీళ్లు దిగుతాయి. అలారం యాప్ నోటిఫికేషన్‌గా వస్తే మూడు గంటల రాత్రి ఎవరూ చూడరు. ఫోన్ మోగాలి, ముందు గుంట దగ్గరున్న కాపలా మనిషికి, రెండు నిమిషాల్లో ఎత్తకపోతే యజమానికి.

ఇప్పుడు డబ్బు సంగతి. సీడ్ (రొయ్య పిల్లలు) వదిలాక పట్టుబడికి మూడు నుంచి నాలుగు నెలలు. మధ్యలో రైతు చేతిలో నగదు ఉండదు, మేత కూడా డీలరు దగ్గర అప్పే. "పట్టుబడి అయ్యాక ఇస్తా" అన్న మాట నిజాయితీగానే అంటాడు. కానీ నలభయ్యో రోజు వైట్ స్పాట్ జబ్బు వస్తే గుంట ఖాళీ, మీ బిల్లు కూడా ఖాళీ. అందుకే అమ్మకం కంటే పంటకు ఇంత అని అద్దె పెట్టి, సగం సీడ్ వదిలేటప్పుడే తీసుకోండి. మేత డీలరుకు కమీషన్ ఇచ్చి ఆయన ద్వారా వెళ్లండి. ఏ రైతు చెల్లిస్తాడో ఆయనకు తెలిసినంత మీకు తెలియదు. వేసవి పంటకు సీడ్ ఫిబ్రవరి, మార్చిలో పడుతుంది కాబట్టి పరికరాలు జనవరికి సిద్ధంగా ఉండాలి. ఏప్రిల్‌లో సిద్ధమైతే ఆ పంట పోయినట్టే.

ఒకే పంట మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు తెలిసింది. రొయ్యల రేటుకు దెబ్బ తగిలితే రైతు మొదట ఆపేది మీ అద్దెనే. అదే మోటర్ అలారాన్ని హేచరీలకు (రొయ్య పిల్లలు తయారుచేసే కేంద్రాలు), ఐస్ ఫ్యాక్టరీలకు, కోల్డ్ స్టోరేజీలకు కూడా అమ్మండి. వాళ్లు నెలనెలా ఇస్తారు.

చీమకుర్తి గ్రానైట్ దీనికి పూర్తిగా వేరు. కస్టమర్లు తక్కువ, ఒక్కొక్కరు ఇచ్చే డబ్బు ఎక్కువ, అమ్మకం మొత్తం పరిచయం మీదే. యార్డులో ప్రతి బ్లాకుకు నంబరు, పొడవు, వెడల్పు, ఎత్తు, ఫొటో, గ్రేడు, పర్మిట్, ఏ లారీలో వెళ్లింది అన్నది పట్టే సాఫ్ట్‌వేర్‌కు ఇక్కడ చోటుంది. కొత్తగా చేసేవాళ్లు ఒక తప్పు చేస్తారు: బ్లాకుకు ఒకే కొలత దాస్తారు. అసలు కొలత ఒకటి, కొనేవాడు ప్రతి వైపు కొన్ని సెంటీమీటర్లు అలవెన్స్ తీసేశాక బిల్లు వేసే కొలత మరొకటి, ఆ అలవెన్స్ కొనేవాడిని బట్టి మారుతుంది. రెండూ, ఎవరు ఎప్పుడు కొలిచారన్నదీ దాచకపోతే మొదటి గొడవకే మీ సాఫ్ట్‌వేర్ పక్కన పడుతుంది. క్వారీలో నెట్ ఉండదు, సూపర్‌వైజరు ఫోన్ ఎండలో మసకగా కనిపిస్తుంది. నెట్ లేకుండా పనిచేసే యాప్, పెద్ద అంకెలు, ట్యాలీలోకి వెళ్లే ఎక్స్‌పోర్ట్, ఈ మూడూ లేకుండా డెమోకు వెళ్లవద్దు.

నిమ్మ విషయంలో రైతుకు నేరుగా రేటు చూపించే యాప్ చేయవద్దు. రైతుకు కావాల్సిన అడ్వాన్స్ కమీషన్ వ్యాపారి ఇస్తాడు, యాప్ ఇవ్వదు. ఆ వ్యాపారికే పట్టీలు రాసే, బాకీలు చూసే సాఫ్ట్‌వేర్ అమ్మితే నెలవారీ డబ్బు వస్తుంది. వర్జీనియా పొగాకు అమ్మకం టుబాకో బోర్డు వేలంలోనే జరుగుతుంది కాబట్టి కొనుగోలు యాప్‌లకు చోటు లేదు. ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో ఉష్ణోగ్రత అలారం పనికొస్తుంది, అది కూడా ఏడాదిలో కొన్ని నెలలే.

ఇంక్యుబేటర్, ఇన్వెస్టర్ దారి

ప్రొడక్ట్ ఈ రెండు జిల్లాలు దాటి దేశమంతా అమ్ముడయ్యేదైతేనే ఈ దారి. చీమకుర్తి యార్డు సాఫ్ట్‌వేర్ మంచి వ్యాపారమే, కానీ ఇన్వెస్టరు కోరుకునే పెరుగుదల దానిలో లేదు. ఆయన దగ్గరకు తీసుకెళ్తే ఇద్దరికీ సమయం వృథా.

నెల్లూరు వాళ్లకు తిరుపతి, చెన్నై దగ్గర. చెన్నైలో ఐఐటీ మద్రాస్ ఇంక్యుబేషన్ సెల్ ఉంది, తిరుపతిలో ఐఐటీ వారి ఐ-హబ్ ఉంది. 2025 ఆగస్టులో మంగళగిరిలో మొదలైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు విజయవాడ, తిరుపతి కేంద్రాలున్నాయి, ఒంగోలు వాళ్లకు విజయవాడ సులువు. రొయ్యల పని చేసేవాళ్లు ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ అధ్యాపకులను కలవకుండా ఏ ఇంక్యుబేటర్‌కూ వెళ్లవద్దు. మీ ట్రయల్ ఫలితాలకు అక్కడి సంతకం ఉంటే విలువ వేరు.

నమూనా పరికరానికి కేంద్ర ప్రభుత్వ నిధి ప్రయాస్ పథకం కింద 10 లక్షల దాకా గ్రాంటు ఉంటుంది. 2021లో వచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్‌లో, ఐడియా పనిచేస్తుందని నిరూపించే దశకు 20 లక్షల దాకా విడతలుగా ఇచ్చేవారు. దానికి దరఖాస్తు నాటికి కంపెనీ వయసు రెండేళ్లు మించకూడదన్న షరతు ఉండేది. ఇలాంటి షరతు ఉన్నచోట, ప్రొడక్ట్ మొదలుకాకుండా తొందరపడి కంపెనీ రిజిస్టర్ చేస్తే ఆ గడువు ఊరికే కరిగిపోతుంది. ఏ ఇంక్యుబేటర్‌లోనైనా దరఖాస్తుకు ముందు రెండు విషయాలు అడగండి: ఈ ఏడాది విడత డబ్బు ఇంకా మిగిలి ఉందా, గ్రాంటుకు బదులు మీరు ఎంత శాతం వాటా తీసుకుంటారు?

పీఎంఈజీపీ (ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం) గ్రాంటు కాదు, సబ్సిడీతో కూడిన బ్యాంకు లోన్. తయారీకి 50 లక్షలు, సర్వీసుకు 20 లక్షల ప్రాజెక్టు దాకా. సబ్సిడీ జనరల్ వాళ్లకు పల్లెలో 25, పట్టణంలో 15 శాతం, ప్రత్యేక వర్గాలకు 35, 25 శాతం. ఆ సబ్సిడీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుంది, ఈఎంఐ మాత్రం ముందే మొదలవుతుంది. పరికరాలు అసెంబుల్ చేసే యూనిట్‌కు ఇది సరిపోతుంది, యాప్ చేసేవాళ్లకు నప్పదు.

సర్వీస్ మాత్రమే చేసేవాళ్లకు ప్రొప్రైటర్‌షిప్ (ఒక్కరి పేరున వ్యాపారం) లేదా ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) చాలు. ఎల్‌ఎల్‌పీకి టర్నోవర్ 40 లక్షలు లేదా పెట్టుబడి 25 లక్షలు దాటేదాకా ఆడిట్ అక్కర్లేదు. ఇన్వెస్టరు కావాలంటే ప్రైవేట్ లిమిటెడ్ తప్పదు. అందులో వ్యాపారం ఉన్నా లేకపోయినా ఆడిట్ ఉంటుంది, వార్షిక ఫారాలు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు స్నేహితుల దగ్గర, ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర ప్రామిసరీ నోటు మీద డబ్బు తీసుకుని కంపెనీ ఖాతాలో వేయడం. డైరెక్టరు, ఆయన దగ్గరి బంధువులు తమ సొంత డబ్బే అని రాసిచ్చి ఇస్తే ఇబ్బంది లేదు. బయటివారిదైతే చట్టం దాన్ని తీసుకోకూడని డిపాజిట్‌గా చూస్తుంది. షేర్లకోసం డబ్బు తీసుకుంటే వేరే బ్యాంకు ఖాతాలో ఉంచి, 60 రోజుల్లో షేర్లు కేటాయించి, ఆ కేటాయింపు ఫారం వేశాకే ఖర్చు పెట్టాలి. భాగస్వాముల షేర్లకు నాలుగేళ్ల వెస్టింగ్ (షేర్లు ఒకేసారి కాకుండా కాలం గడిచేకొద్దీ సొంతమవడం), మొదటి ఏడాది పూర్తికాకుండా వెళ్లిపోతే ఏమీ రాదన్న షరతు మొదటి రోజే రాసుకోండి. చిన్ననాటి స్నేహితులైనా సరే. ఆరో నెలలో దుబాయ్ ఉద్యోగం వచ్చి వెళ్లిపోయినవాడి పేరున సగం కంపెనీ ఉంటే మరో రూపాయి పెట్టుబడి రాదు.

ఎవరికి ఏది

చేతిలో ఆరు నెలల ఖర్చు కూడా లేదు, ఇంటి బాధ్యత ఉంది: ఉద్యోగం, అది కూడా ప్రొడక్ట్ కంపెనీలో. ఆరు నుంచి పన్నెండు నెలలుంది, క్లయింట్లతో మాట్లాడే ఓపిక ఉంది: సర్వీస్, వారానికి రెండు రోజులు ప్రొడక్ట్. ఇంట్లోవాళ్లకు రొయ్యల గుంటో, క్వారీయో, కమీషన్ కొట్టో ఉంది: నేరుగా ప్రొడక్ట్, ఎందుకంటే ట్రయల్ చోటు, మొదటి కస్టమర్లు రెండూ ఇంట్లోనే ఉన్నాయి, గడువు సగానికి తగ్గుతుంది. డబ్బిచ్చే కస్టమర్లు పది మంది అయ్యాక, వాళ్లలో కొందరు మన జిల్లాల బయటివారైతే: అప్పుడు ఇన్వెస్టర్.

ఉద్యోగం నుంచి బయటకు రావాలనుకున్నవాళ్లు నోటీసు పీరియడ్ 90 రోజులుంటే సీజన్ నుంచి వెనక్కు లెక్కపెట్టాలి. జనవరికి పరికరం కావాలంటే జూన్, జులైలోనే రాజీనామా పడాలి. వెళ్లే ముందు రిలీవింగ్ లెటర్, పీఎఫ్‌లో మానేసిన తేదీ నమోదు చూసుకోండి. కంపెనీ ఇచ్చిన గ్రూప్ ఆరోగ్య బీమా ఆఖరి రోజుతో ఆగిపోతుంది. కొత్తగా తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు కాబట్టి, అమ్మానాన్నలు ఆ పాలసీలో ఉంటే అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మార్చుకునే దరఖాస్తును నోటీసు పీరియడ్‌లో ఉండగానే పెట్టండి.